అలెక్సంద్రోస్ నుంచి సికందర్ దాకా: ఒక గ్రీకు పేరు పుట్టుక, రూపాలు

అలెగ్జాండర్ అనగానే మనకు గుర్తొచ్చేది ఒక్కడే. క్రీస్తుపూర్వం 326లో జీలం ఒడ్డున పురుషోత్తముడితో తలపడిన మాసిడోనియా రాజు. ఆయన కీర్తి ఎంత పెద్దదంటే, ఆ పేరు ఆయనతోనే పుట్టిందన్నట్టు ఉంటుంది. నిజానికి ఆయన పుట్టేనాటికే ఆ పేరు వయసు సుమారు తొమ్మిది వందల ఏళ్లు. పైగా గ్రీకు రాతల్లో ఆ పేరు తొలిసారి కనిపించేది ఒక స్త్రీకి.

గ్రీసులోని మైసీనీలో జరిపిన తవ్వకాల్లో మట్టి పలకలు కొన్ని దొరికాయి. అవి క్రీస్తుపూర్వం 13వ శతాబ్దానివి. లీనియర్ బి అనే లిపిలో రాసిన లెక్కలు. 1952లో మైకేల్ వెంట్రిస్ ఆ లిపిని ఛేదించాక, వాటిలో ఉన్నది గ్రీకు భాష తాలూకు అతి ప్రాచీన రూపమని తేలింది. ఒక పలకపై కొందరు స్త్రీల పేర్లు, పక్కన అంకెలు ఉన్నాయి. పడకల పంపిణీ లెక్క అని పండితులు చదువుతారు. అందులో ఒక పంక్తి ఇలా ఉంటుంది: మ-నొ, అ-రె-క-స-ద-ర-క్వె, 2. అంటే ‘మనొ, అలెక్సంద్ర: ఇద్దరు’.

అ-రె-క-స-ద-ర అనేది అలెక్సంద్ర ఎలా అయింది? లీనియర్ బి లిపిలో ఒక్కో గుర్తు ఒక్కో అక్షరాన్ని, అంటే హల్లూ అచ్చూ కలిసిన ధ్వనిని, సూచిస్తుంది. అందులో ల, ర లకు వేర్వేరు గుర్తులు లేవు. హల్లు ముందు వచ్చే నకారాన్ని రాయరు. ఒత్తులు లేవు కాబట్టి సంయుక్తాక్షరాన్ని విడగొట్టక తప్పదు. తెలుగు లిపిలో ఒత్తులూ సున్నా లేకపోతే ‘చంద్ర’ను ‘చదర’ అని రాసుకునేవాళ్లం. ఇదీ అంతే. ఇక చివర ఉన్న ‘క్వె’ పేరులో భాగం కాదు. ‘మరియు’ అనే అర్థంలో మాట చివర చేరే ప్రత్యయం. సంస్కృతంలో ‘లక్ష్మణశ్చ’ అన్నప్పుడు చివర వచ్చే ‘చ’కు అది పుట్టుకతోనే చుట్టం.

ఆ చుట్టరికం పేరులోపల ఇంకా లోతుగా ఉంది. అలెక్సంద్రోస్ అనేది రెండు మాటల సమాసం. మొదటిది ‘అలెక్సో’ అనే క్రియ: అడ్డుకోవడం, తరిమికొట్టడం, ఆ విధంగా కాపాడటం. రెండోది ‘అనేర్’, మగవాడు, మనిషి. దాని షష్ఠీ రూపం ‘అంద్రోస్’. భాషా శాస్త్రజ్ఞులు అలెక్సో క్రియను సంస్కృతంలోని ‘రక్ష్’ ధాతువుతోనూ, అనేర్ పదాన్ని ‘నృ, నర’ శబ్దాలతోనూ ఒకే మూలానికి చేరుస్తారు. అంటే ‘నరరక్షకుడు’ అన్నది ఈ పేరుకు అనువాదం మాత్రమే కాదు. దాదాపు అవే ముడి ధాతువులతో మన వైపు తయారయ్యే మాట. క్రమం మాత్రం తిరగబడింది. మనకు కర్మ ముందు వచ్చి క్రియ తరువాత వస్తే, ఈ గ్రీకు సమాసంలో క్రియే ముందుంది.

మరి ‘నర’లో లేని దకారం ‘అంద్రోస్’లోకి ఎక్కడిది? న తరువాత వెంటనే ర పలకాలంటే నాలుక ఒక్క క్షణం తడబడుతుంది. ఆ సందులో ద దానంతటదే పుడుతుంది. ‘అన్రోస్’ కాస్తా ‘అంద్రోస్’ అయింది అలాగే. సంస్కృత ‘వానర’ నుంచి హిందీ ‘బందర్’ రావడంలోనూ జరిగింది ఇదే. ఏ వ్యాకరణమూ చెప్పకుండా, ఒకరి నుంచి ఒకరు నేర్చుకోకుండా, వేర్వేరు కాలాల్లో రెండు జాతుల నాలుకలు ఒకే పని చేశాయి. ఈ సంగతి ఎన్నిసార్లు తలచుకున్నా నాకు అబ్బురంగానే ఉంటుంది.

అర్థం దగ్గర ఒక చిక్కు ఉంది. పిల్లల పేర్ల పుస్తకాలన్నీ ‘మానవులను కాపాడేవాడు’ అని ముగిస్తాయి. కానీ అలెక్సో క్రియకు ఉన్న అసలు భావం అడ్డుకోవడం. ఎవరిని అడ్డుకుంటున్నాడు, ఎవరి కోసం అడ్డుకుంటున్నాడు అన్నది సమాసం చెప్పదు. ‘(శత్రు) పురుషులను తరిమికొట్టేవాడు’ అని చదివినా వ్యాకరణం ఒప్పుకుంటుంది. చెడును తరిమే దేవతగా హెరాక్లీస్‌కు ‘అలెక్సికకోస్’ అనే బిరుదు ఉంది. అక్కడ రెండో పదం ‘కకోస్’ అంటే చెడు. ఆ సమాసంలో తరిమేది రెండో పదాన్నే. కాబట్టి పోలిక చూస్తే రెండో అర్థానికీ బలం ఉంది. నా మొగ్గు మొదటి అర్థం వైపే. ఎందుకంటే సిక్యోన్ నగరంలో హీరా దేవిని ‘అలెక్సంద్రోస్’ అనే పేరుతో కొలిచేవారు. ఊరి దేవతను పిలిచే పేరులో రక్షణ భావమే ముందుంటుంది.

అయితే గ్రీకులు పేర్లు పెట్టేటప్పుడు ఇంత అర్థం ఆలోచించేవారా అన్నది వేరే ప్రశ్న. వాళ్ల పేర్లలో ఎక్కువ భాగం ఇలా రెండు ముక్కల కలయికే. ముక్కలు అవే, జతలు మారతాయి. అలెక్సిమఖోస్, అలెక్సిక్లీస్, ఆంద్రోక్లీస్, ఆంద్రొమాఖే, మెనంద్రోస్. తండ్రి వైపు నుంచి ఒక ముక్క, తల్లి వైపు నుంచి ఒక ముక్క తీసుకుని అతకడం కూడా ఉండేది. అరిస్టొఫనీస్ రాసిన ‘మేఘాలు’ అనే ప్రహసనంలో భార్యాభర్తల తగాదా ఇదే. గొప్పింటి నుంచి వచ్చిన భార్యకు కొడుకు పేరులో ‘హిప్పోస్’, అంటే గుర్రం, ఉండి తీరాలి. పొదుపరి భర్తకు తన తండ్రి పేరు ఫెయిదోనిదీస్ నిలవాలి. ఆ పేరులో ఉన్నది పొదుపు. చివరికి రాజీపడి ఫెయిదిప్పిదీస్ అని పెడతారు. గుర్రాల మీద పొదుపు చేసేవాడు అని అర్థం వచ్చే ఆ పేరుకు ఏథెన్సు ప్రేక్షకులు నవ్వుకున్నారు. గ్రీకులకు ఇంటిపేరు లేదు. సొంత పేరు, దాని వెనుక షష్ఠీ విభక్తిలో తండ్రి పేరు. తాత పేరు మనవడికి పెట్టడం వాళ్లలోనూ ఆనవాయితీ. అందుకే ఒక పేరు ఒక కుటుంబంలో ప్రవేశిస్తే తరాల తరబడి తిరుగుతూ ఉంటుంది.

పురాణంలో ఈ పేరు మోసిన ప్రముఖుడు ట్రాయ్ రాకుమారుడు పారిస్. హెలెన్‌ను తీసుకుపోయి యుద్ధం తెచ్చినవాడు. హోమర్ ఇలియడ్ కావ్యంలో అతణ్ని పారిస్ అనడం కన్నా అలెక్సంద్రోస్ అనడమే ఎక్కువ. ఒక మనిషికి రెండు పేర్లెందుకు? తరువాతి కథకులు ఒక జవాబు చెప్పారు. అరిష్టం తెస్తాడని పసివాడిగా ఉండగానే కొండ మీద వదిలేస్తే, పశువుల కాపరులు పెంచారు. పెద్దయ్యాక దొంగలను తరిమి మందలను కాపాడాడు కాబట్టి అలెక్సంద్రోస్ అనే పేరు వచ్చింది అని. పేరు ముందు ఉంది, కథ దానికి తరువాత అల్లారు. ఇటువంటి వ్యుత్పత్తి కథలు మన స్థలపురాణాల్లోనూ కోకొల్లలు. పారిస్ చెల్లెలు కసాంద్రకు కూడా ఈ పేరు ఉండటం మరో విశేషం. స్పార్టా దగ్గరి అమిక్లే గ్రామంలో ఆమెను అలెక్సంద్ర అనే పేరుతో పూజించేవారని ప్రాచీన గ్రీకు యాత్రికుడు పౌసానియాస్ రాశాడు.

ఇక్కడ చరిత్ర ఒక పెద్ద పేచీ తెచ్చిపెట్టింది. నేటి టర్కీలోని బొగజ్‌కలె దగ్గర హిట్టైట్ సామ్రాజ్య రాజధాని హత్తూషా శిథిలాలు ఉన్నాయి. అక్కడి క్యూనిఫాం (మేకుల ఆకారపు లిపి) పలకల్లో ఒక సంధి పత్రం దొరికింది. క్రీస్తుపూర్వం 1280 ప్రాంతంలో హిట్టైట్ చక్రవర్తి రెండో మువత్తల్లి ‘విలూసా’ అనే రాజ్య పాలకుడితో చేసుకున్న ఒప్పందం అది. ఆ పాలకుడి పేరు అలక్సందు. విలూసా అంటే గ్రీకులు ‘ఇలియోస్’ అని పిలిచిన ట్రాయ్ అని ఇప్పుడు ఎక్కువమంది పండితుల అభిప్రాయం. ట్రాయ్ పాలకుడు, పేరు అలక్సందు! హోమర్ కన్నా ఐదు వందల ఏళ్ల ముందు!

ఉత్సాహపడటం సహజమే కానీ ఆ పలక ఏం చెబుతుందో, ఏం చెప్పదో విడదీసి చూడాలి. ఒకప్పుడు కొందరు పండితులు పేరు ప్రయాణాన్ని తిరగేసి చెప్పారు. అలక్సందు అనేది అనటోలియా (నేటి టర్కీ ప్రాంతం) స్థానిక పేరనీ, గ్రీకులు దాన్ని విని తమ భాషలో అర్థం వచ్చేలా అలెక్సంద్రోస్‌గా మలచుకున్నారనీ వాదించారు. అలక్సందు రూపంలో రకారం లేకపోవడం గమనించదగ్గదే. కానీ మైసీనీ పలక మీది అలెక్సంద్ర ఈ వాదాన్ని బాగా బలహీనపరిచింది. దాదాపు అదే కాలంలో, సముద్రానికి ఈవల, గ్రీకు గడ్డ మీద, అచ్చమైన గ్రీకు ముక్కలతో ఉన్న ఆ పేరును ఒక సాధారణ స్త్రీ పెట్టుకుంది. కాబట్టి పేరు గ్రీకుల నుంచే ట్రాయ్‌కి వెళ్లింది అనుకోవడమే సమంజసం. వివాహ బంధాల ద్వారానో, రాజకీయ పొత్తుల ద్వారానో పశ్చిమ అనటోలియా రాజవంశాల్లోకి గ్రీకు పేర్లు చేరడంలో వింతేమీ లేదు. అంతమాత్రాన అలక్సందే పారిస్ అని తేల్చేయడం మాత్రం తొందరపాటు. సంధి పత్రంలో హెలెన్ లేదు, గ్రీకు దండయాత్ర లేదు. చక్రవర్తికి విధేయుడైన ఒక సామంతుడు మాత్రమే కనిపిస్తాడు. ట్రాయ్ రాజుకు ఈ పేరు ఉండేదన్న జ్ఞాపకం పాటల్లో నిలిచి హోమర్ దాకా వచ్చి ఉండవచ్చు. అంతవరకు చెప్పగలం.

మాసిడోనియాకు వస్తే, క్రీస్తుపూర్వం 5వ శతాబ్దపు తొలి భాగంలో అక్కడ మొదటి అలెగ్జాండర్ రాజ్యం చేశాడు. ఒలింపిక్ పందేల్లో దిగబోతే, గ్రీకువాడివి కావంటూ తోటి పోటీదారులు అభ్యంతరం చెప్పారనీ, తన వంశం ఆర్గోస్ నగరానిదని నిరూపించుకుని పరుగెత్తాడనీ హెరొడోటస్ రాశాడు. ఆ తరువాత ఆ పేరు ఆ వంశంలో స్థిరపడింది. క్రీస్తుపూర్వం 356లో ఫిలిప్పుకు కొడుకు పుట్టేసరికి, హత్యకు గురైన ఫిలిప్పు అన్న పేరు అదే, తల్లి ఒలింపియాస్ తమ్ముడి పేరూ అదే. అంతకు కొద్దికాలం ముందు వరకు థెస్సలీలో ఫెరాయ్ నగరాన్ని ఏలిన నిరంకుశుడి పేరు కూడా అదే. అంటే ప్రపంచ విజేత పేరు ఆ రోజుల్లో చుట్టుపక్కల ఇళ్లలో వినబడే మామూలు పేరు. చరిత్రకారుల లెక్కలో ఆయన మూడో అలెగ్జాండర్.

ఆయన వెండి నాణేలను దగ్గరగా చూస్తే ఒక వైపు సింహచర్మం తలకు చుట్టుకున్న హెరాక్లీస్, మరో వైపు సింహాసనం మీద జ్యూస్ కనిపిస్తారు. జ్యూస్ పక్కన నిలువుగా చెక్కిన మాట ‘అలెక్సంద్రు’. అలెక్సంద్రోస్ కాదు. అది షష్ఠీ రూపం, ‘అలెగ్జాండర్‌ది’ అని. నాణెం ఎవరిదో చెప్పాలి కాబట్టి పేరు ఆ విభక్తిలో ఉంటుంది. ఎదురుగా నిలిచి పిలిస్తే ‘అలెక్సంద్రె’. ద్వితీయా విభక్తిలో ‘అలెక్సంద్రోన్’. వాక్యంలో స్థానాన్ని బట్టి పేరు తోక మారుతూనే ఉంటుంది. ముద్దుపేర్లు వేరే ఉన్నాయి: అలెక్సిస్, అలెక్సాస్, అలెక్సియోన్. ఈ కాలంలో అలెక్సిస్ అంటే అమ్మాయి పేరనుకుంటారు కానీ గ్రీకు హాస్య నాటకకర్త అలెక్సిస్ పురుషుడే.

లాటిన్‌లోకి వెళ్లినప్పుడు ఆ తోక తెగింది. లాటిన్‌లో ర తరువాతి చివరి అచ్చు పడిపోయి, మిగిలిన హల్లుల మధ్య ఎ చేరింది. అలెగ్జాండర్ అనే రూపం అక్కడి నుంచి వచ్చిందే. ఐరోపా భాషలన్నీ ఈ లాటిన్ రూపాన్నో, నేరుగా గ్రీకు రూపాన్నో తమకు తోచినట్టు అరగదీశాయి. ఇటలీలో అలెస్సాంద్రో, కుదిస్తే సాంద్రో. స్పెయిన్‌లో అలెహాంద్రో. స్కాట్లాండులో అలస్‌డైర్. రష్యాలో సాషా. సాండ్రా అనే అమ్మాయి పేరు కూడా ఈ కొమ్మకు కాసినదే. ఇంగ్లీషు వాళ్లు ‘క్స’ను ‘గ్జ’ చేశారు. ఆ ఇంగ్లీషు ద్వారా పేరు మన పాఠ్యపుస్తకాల్లోకి వచ్చింది కాబట్టి మనం అలెగ్జాండర్ అంటున్నాం. ఇందులో మనం డ అని రాసే హల్లు ప్రాచీన గ్రీకులో మన ద లాగా పంటి దగ్గర పలికేది. మన భాషలో ద ఉంది, అయినా డ రాస్తున్నాం, ఎందుకంటే విన్నది గ్రీకు నోట కాదు. ఆ విజేతకు అలెగ్జాండర్ అనే స్థిరపడిన రూపాన్నే వాడాలి. మార్చితే పాఠకుడు తికమకపడతాడు. మైసీనీ స్త్రీనీ, ట్రాయ్ రాకుమారుణ్నీ మాత్రం గ్రీకు ఉచ్చారణకు దగ్గరగా రాయడమే న్యాయమని నా పట్టుదల.

ఇంగ్లీషు కన్నా రెండు వేల ఏళ్ల ముందే ఈ పేరు భారతదేశపు రాతల్లోకి ఎక్కింది. అశోకుడి 13వ బండశాసనం ధర్మవిజయం సాధించిన దూరదేశాల రాజులను వరుసగా పేర్కొంటుంది: అంతియోకుడు, తురమాయుడు, అంతికిని, మకుడు, చివరిగా అలికసుదరుడు. ఈ అలికసుదరుడు మాసిడోనియా విజేత కాదు. ఆయన అప్పటికి చనిపోయి అర్ధశతాబ్ది దాటింది. అశోకుడికి సమకాలికుడైన ఎపిరస్ రాజు రెండో అలెగ్జాండర్ అనీ, కాదు కొరింతు పాలకుడైన అలెగ్జాండర్ అనీ రెండు అభిప్రాయాలు ఉన్నాయి. ఒకే శాసనం చోటు మారితే పేరూ మారింది. వాయవ్యంలోని షాబాజ్‌గఢీలో ‘అలికసుదరొ’, హిమాలయాల పాదాల దగ్గరి కాల్సీలో ‘అలిక్యసుదలె’. మగధ ప్రాకృతంలో ర స్థానంలో ల వస్తుంది కాబట్టి కాల్సీ లేఖకుడు గ్రీకు పేరును కూడా ఆ అచ్చులోనే పోశాడు. చూడండి, రెండు చోట్లా ఉన్నది ద. ఈ 14 బండశాసనాల శ్రేణి మన కర్నూలు జిల్లా ఎర్రగుడిలోనూ ఉంది.

గ్రీకు పేరులో మన మాట వినబడటం, మన పేరులో గ్రీకు మాట వినబడటం రెండూ జరిగాయి. చంద్రగుప్తుణ్ని గ్రీకు రచయితలు సాంద్రకొత్తోస్ అన్నారు. ప్లూటార్క్ మాత్రం ‘ఆంద్రకొత్తోస్’ అని రాశాడు. ‘చంద్ర’లో తనకు అలవాటైన ‘ఆంద్ర’, అంటే పురుషుడు, వినిపించి ఉండాలి. ఇటువైపు ఇండో గ్రీకు రాజు మెనంద్రోస్ తన నాణేలపై ఒక పక్క గ్రీకులో ‘మెనంద్రు’ అనీ, మరో పక్క ఖరోష్ఠి లిపిలో ‘మెనంద్రస’ అనీ చెక్కించాడు. రెండూ షష్ఠీ రూపాలే. పాలీ బౌద్ధ గ్రంథంలో ఆయనే మిలిందుడయ్యాడు. తాను పుట్టిన చోటు ‘అలసంద’ అని ఆ గ్రంథంలో ఆయన చెబుతాడు. అలసంద అంటే అలెగ్జాండ్రియా. గత శతాబ్దంలో హిందీ రచయితలు కొందరు అలెగ్జాండర్‌ను ‘అలక్షేంద్ర’ అని సంస్కృతీకరించారు. వినసొంపుగా ఉన్నా అందులోని ఇంద్రుడు అతిథి మాత్రమే. పేరు చివర ఉన్నది నరుడు.

అన్నిటికన్నా దూరం నడిచిన రూపం అరబ్బుల చేతుల్లో తయారైంది. అరబిక్‌లో నామవాచకం ముందు ‘అల్’ అనే నిర్దేశక పదం చేరుతుంది. అలెక్సంద్రోస్ విన్నప్పుడు మొదటి ‘అల్’ను వాళ్లు ఆ నిర్దేశకంగా తీసుకున్నారు. దాన్ని పక్కకు తీస్తే మిగిలిన ముక్కలో క, స తారుమారై ‘ఇస్కందర్’ అయింది. అలెగ్జాండ్రియా నగరం ఇప్పటికీ అరబిక్‌లో అల్-ఇస్కందరియ్యా. తుర్కులకు ఇస్కెందర్, పర్షియన్లకు సికందర్. పర్షియాలో ఆ పేరు గతి చిత్రమైనది. జొరాస్ట్రియన్ గ్రంథాలు ఆయన్ను ‘శాపగ్రస్తుడు’ అనే విశేషణం లేకుండా తలచుకోవు. పర్షియా రాజధాని పర్సెపోలిస్‌ను తగలబెట్టిన గాయం అది. కొన్ని శతాబ్దాలు గడిచాక ఫిర్దౌసి కావ్యంలో అదే సికందర్ సగం పర్షియన్ రక్తం ఉన్న రాజుగా, దారా చక్రవర్తికి సవతి సోదరుడిగా కనిపిస్తాడు. ఓడించినవాణ్ని వంశంలో కలుపుకున్నారు.

ఆ పర్షియన్ సాహిత్యం వెంట సికందర్ అనేది భారతదేశంలో బిరుదుగా దిగింది. అల్లావుద్దీన్ ఖిల్జీ తన నాణేలపై ‘రెండో సికందర్’ అని ముద్రించుకున్నాడు. ఓరుగల్లు కోట మీదికి మాలిక్ కాఫర్‌ను పంపిన సుల్తాను ఈయనే. నిజాం ఖాన్ అనే యువరాజు 1489లో ఢిల్లీ గద్దెనెక్కుతూ సికందర్ లోదీ అయ్యాడు. 1803లో హైదరాబాద్ గద్దెనెక్కిన మూడో ఆసఫ్ జా అసలు పేరు మీర్ అక్బర్ అలీ ఖాన్. ‘సికందర్ జా’ ఆయన బిరుదు. జా అంటే హోదా, సికందర్ అంతటి హోదా గలవాడని. 1798 నాటి సైన్య సహకార ఒప్పందం తరువాత హుస్సేన్ సాగర్‌కు ఉత్తరాన ఇంగ్లీషు పటాలాలు విడిది చేశాయి. ఆ దండు వెలిసిన చోటికి 1806లో ఈ నిజాం పేరు పెట్టారు. ఉర్దూలో సికందరాబాద్, ఇంగ్లీషు స్పెల్లింగులో సెకండరాబాద్, తెలుగులో సికింద్రాబాద్. ఈ మూడింటిలో తెలుగు రూపానిదే ప్రత్యేకత. అరబిక్, పర్షియన్ రూపాల్లో ద, ర ల మధ్య చేరిన అచ్చును తెలుగువాళ్లు మళ్లీ తీసేశారు. దాంతో గ్రీకులోని ‘ంద్ర’ అనే గుత్తి, పంటి దగ్గర పలికే దకారంతో సహా, ఎవరూ అనుకోకుండానే తిరిగి తయారైంది.